పైన పైరు ఒకరిది, కింద నిధి ఒకరిది

అమెరికా ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని నార్త్ డకోటా అనే రాష్ట్రం ఉంది. విస్తీర్ణం సుమారు 1,83,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. జనం మాత్రం 2020 లెక్కల ప్రకారం 7,79,094 మందే. ఒక్క విజయవాడ నగరంలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. కనుచూపు మేర గోధుమ, పొద్దుతిరుగుడు, కనోలా చేలు. తూర్పున రెడ్ నది లోయలో చక్కెర దుంప. తేనె ఉత్పత్తిలో దేశానికే మొదటి స్థానం. రాష్ట్రం నేలలో ఎనభై శాతానికి పైగా సేద్యం, పశుపోషణ కిందే ఉంది. అలాంటి చోట ఏ చట్టసభ అయినా రైతు మాట వినక తప్పదు. అక్కడి చట్టసభ విన్నది కూడా: రైతు ఇంటికీ, గాదెలకూ, కొట్టాలకూ ఆస్తిపన్ను మినహాయించింది. అయితే పశ్చిమ జిల్లాల్లో అదే నేల అడుగున, సుమారు మూడు కిలోమీటర్ల లోతున, చమురు ఉంది. ఆ చమురు చాలాచోట్ల పైన దున్నుతున్న రైతుది కాదు. పైన రైతుకు రాయితీ ఇచ్చిన చట్టం, కింద ఉన్న సంపద దగ్గరికి వచ్చేసరికి ఎవరి పక్షాన నిలబడింది? నా అభిప్రాయం ముందే చెబుతాను. రైతుకిచ్చే పన్ను మినహాయింపు సమంజసమే. కానీ ఖనిజ హక్కు నేల నుంచి విడిపోయి, ఏటా కట్టాల్సిన పన్నంటూ లేకుండా, ఎక్కడో ఉన్న మనిషి పేరుమీద తరతరాలు నిలిచిపోయే చోట, ఆ మినహాయింపు వల్ల రైతుకు దక్కేది చాలా తక్కువ. అలా విడిపోయిన హక్కు మీద ఏటా కొద్దిపాటి పన్ను వేయాలి. ఎవరూ కట్టని హక్కు తిరిగి పైనేల యజమానికి చేరాలి.

ముందు మినహాయింపు సంగతి చూద్దాం. నార్త్ డకోటాలో ఆస్తిపన్ను దాదాపు పూర్తిగా స్థానిక సంస్థల సొమ్ము. కౌంటీలు, అంటే మన జిల్లాల వంటివి, వాటి కింద టౌన్‌షిప్పులు, బడులు దానిమీద ఆధారపడతాయి. వ్యవసాయ భూమికి ఆ పన్ను ఉంది. అయితే భూమి అమ్మితే ఎంత ధర పలుకుతుందో చూసి పన్ను వేయరు, ఆ నేల ఏటా ఎంత పండించగలదో లెక్కకట్టి వేస్తారు. 1981 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. లెక్కలు కట్టేది నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ. పంట పొలంలోని గాదెలు, యంత్రాలు దాచే షెడ్లు, పశువుల కొట్టాలకు పన్ను లేదు. రైతు నివాసానికీ లేదు. కాకపోతే ఇంటికి షరతులున్నాయి. ఆ ఇంట్లో ఉండే మనిషి నిజంగా సేద్యం చేసేవాడై ఉండాలి, అతని రాబడిలో పెద్ద భాగం సేద్యం నుంచే రావాలి. వయసు మీదపడి సేద్యం మానుకున్న రైతుకూ ఈ రక్షణ ఉంటుంది. నగరంలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలకు పల్లెలో ఇల్లు కట్టుకున్నవాడికి దక్కదు.

ఈ మినహాయింపు మీద అక్కడి పట్టణాల వాళ్లకు ఫిర్యాదు ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. ఫార్గోలోనో బిస్మార్క్‌లోనో నర్సుగా పనిచేసే మనిషి తన చిన్న ఇంటికి పన్ను కడుతుంది. వేల ఎకరాల ఆసామి తన పెద్ద ఇంటికి పైసా కట్టడు. ఇదేం న్యాయం అని ఆమె అడిగితే తప్పుపట్టలేం. దీనికి రైతులు చెప్పే జవాబు ఒక్కటే, నాకు అది సబబుగానే తోస్తుంది. రైతు పెట్టుబడి అంతా నేలలో ఉంటుంది, ఆ నేలకు అతను పన్ను కడుతూనే ఉన్నాడు. మంచు ముందుగా కురిసి పంట పోయినా, గోధుమ ధర పడిపోయినా, వాన లేక చేను ఎండినా పన్ను నోటీసు రాక మానదు. జీతం మీద బతికే మనిషికి ఇల్లు ఒక్కటే ఆస్తి కావచ్చు. రైతుకు ఇల్లు కూడా సేద్యపు సరంజామాలో భాగమే. ఆస్తిపన్నునే ఎత్తేయాలని 2012లో ఒకసారి, 2024లో మరోసారి ఓటర్ల ముందుకు ప్రతిపాదన వచ్చింది. రెండుసార్లూ ప్రజలు పెద్ద తేడాతో తిరస్కరించారు. పన్నే వద్దని అక్కడి జనం అనడం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. బరువు ఎవరి మీద ఎంత పడాలన్నదే వాళ్ల తగాదా. అలాగైతే ఆ బరువును అసలే మోయని వాళ్లెవరో కూడా చూడాలి కదా.

అందుకోసం నేల రెండుగా ఎలా చీలిందో తెలుసుకోవాలి. అమెరికా చట్టంలో నేలను అడ్డంగా కోసి పై భాగం ఒకరికి, లోపలి ఖనిజం మరొకరికి అమ్మవచ్చు. పొలం అమ్మేటప్పుడు దస్తావేజులో ఒక్క వాక్యం రాస్తే చాలు, పైనేల కొన్నవాడికి పోతుంది, చమురు హక్కు అమ్మినవాడి దగ్గరే ఉండిపోతుంది. నార్త్ డకోటాలో ఈ చీలిక నాలుగు దారుల్లో వచ్చింది. 1864లో ఫెడరల్ ప్రభుత్వం నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు పట్టాలు వేయడానికి గాను లక్షల ఎకరాలు ఇచ్చింది. రైల్వే కంపెనీ తర్వాత ఆ పొలాలను వలస రైతులకు అమ్ముతూ చాలావాటిలో ఖనిజాన్ని తనకే అట్టేపెట్టుకుంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు పొందినవాళ్లకు నేలతోపాటు లోపలిదీ దక్కింది. 1916లో పశుపోషణ కోసం 640 ఎకరాలిచ్చే చట్టం వచ్చినప్పుడు మాత్రం ప్రభుత్వం ఖనిజమంతా తనదేనని పట్టాలోనే రాసుకుంది. ఇవి రెండు దారులు. మూడో దారి 1930ల కరువు. ధరలు పడిపోయి, దుమ్ము తుఫానులు లేచి, వేలాది కుటుంబాలు అప్పు తీర్చలేక పొలాలు పోగొట్టుకున్నాయి. గవర్నర్ విలియం లాంగర్ 1933లో జప్తులు నిలిపివేయమని ఉత్తర్వు ఇచ్చేంత వరకూ వెళ్లింది పరిస్థితి. అలా రాష్ట్రం చేతికి, భూమి తనఖా బ్యాంకుల చేతికి వచ్చిన పొలాలను తర్వాత తిరిగి అమ్మారు. అమ్మేటప్పుడు రాష్ట్రం 1941 నుంచి సగం ఖనిజ హక్కు ఉంచుకుంది, బ్యాంకులూ అదే బాట పట్టాయి. పోగొట్టుకున్న పొలాన్నే తిరిగి కొనుక్కున్న రైతుకు సైతం మునుపటి పొలం మొత్తంగా రాలేదు.

నాలుగో దారి అన్నిటికంటే మామూలుది, అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చిందీ అదే. అది వారసత్వం. తాత 160 ఎకరాలు దున్నాడు. పిల్లల్లో ఒకడు సేద్యంలో ఉన్నాడు, మిగతావాళ్లు మినియాపొలిస్‌కో కాలిఫోర్నియాకో వెళ్లిపోయారు. పొలం ఊళ్లో ఉన్నవాడికి వచ్చింది, ఖనిజం మాత్రం అందరికీ సమానంగా పంచారు. తర్వాతి తరంలో ఆ వాటా మళ్లీ ముక్కలైంది. ఈనాడు ఒకే పొలం కింద పాతిక, ముప్ఫైమంది హక్కుదార్లు ఉండటం అక్కడ వింత కాదు. వాళ్లలో కొందరి జాడ కూడా తెలియదు. జాడ తెలియని హక్కుదారు తరఫున లీజు ఇవ్వడానికి కోర్టు ఒక ట్రస్టీని నియమించే చట్టం ఉందంటే, సమస్య ఎంత పాతుకుపోయిందో ఊహించుకోవచ్చు.

చమురు దొరకనంత కాలం ఈ చీలిక కాగితాల మీదే ఉండిపోయింది. 1951 ఏప్రిల్‌లో టయోగా ఊరి దగ్గర, క్లారెన్స్ ఐవర్సన్ పేరు పెట్టిన బావిలో తొలిసారి చమురు పడింది. ఆ పరిసరాల్లోనే హెన్రీ బాకెన్ అనే రైతు పొలంలో తవ్విన మరో బావి నుంచి బాకెన్ అనే శిలాపొరకు పేరొచ్చింది. ఆ పొరలోని చమురు రాతిని అంటిపెట్టుకుని ఉంటుంది, మామూలు బావికి సరిగా రాదు. నిట్టనిలువుగా మూడు కిలోమీటర్లు దిగి, అక్కడి నుంచి అడ్డంగా మరో మూడు కిలోమీటర్లు తొలుచుకుపోయి, నీళ్లూ ఇసుకా ఒత్తిడితో పంపి రాతిని పగలగొట్టే పద్ధతి 2006 తర్వాత కుదురుకుంది. 2008లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఈ పొరల నుంచి సుమారు 365 కోట్ల బ్యారెళ్లు తీయవచ్చని అంచనా వేసింది. 2005లో రోజుకు లక్ష బ్యారెళ్ల లోపున్న రాష్ట్ర ఉత్పత్తి 2014 చివరికి 12 లక్షలు దాటింది, 2019 నవంబరు నాటికి 15 లక్షలు కూడా దాటింది.

ఇప్పుడు ఆ పైనేల రైతు పరిస్థితి చూడండి. అమెరికా న్యాయస్థానాల సంప్రదాయంలో ఖనిజ హక్కుదే పైచేయి. ఖనిజం తీయడానికి సమంజసంగా అవసరమైనంత పైనేలను వాడుకునే హక్కు దాని యజమానికీ, అతని నుంచి లీజు తీసుకున్న కంపెనీకీ ఉంటుంది. రైతు వద్దంటే ఆగదు. గోధుమ చేలో నాలుగైదు ఎకరాలు చదును చేసి ఎర్రకంకర పరుస్తారు, లారీలకు బాట వేస్తారు, చమురుతోపాటు పైకొచ్చే ఉప్పునీటికి గొట్టాలు పాతుతారు. సముద్రపు నీటికంటే ఎన్నో రెట్లు ఉప్పగా ఉండే ఆ నీరు చేలో పడితే ఆ నేల ఏళ్ల తరబడి పంటకు పనికిరాదు. 2013 సెప్టెంబరు చివర టయోగా దగ్గర ఒక రైతు గోధుమ కోస్తుండగా చక్రాల కింద చమురు ఊరి కనిపించింది. చేను కింద పాతిన టెసోరో కంపెనీ గొట్టానికి చిల్లుపడి, ఎవరికీ తెలియకుండా 20,600 బ్యారెళ్లు నేలలోకి ఇంకిపోయాయి. ఆ మట్టిని లోతుకంటా తవ్వితీసి, వేడిచేసి చమురు వదిలించి, తిరిగి నింపడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో ఆ చెక్కలో పంట లేదు.

డబ్బు ఎలా పంపిణీ అవుతుందో ఒక లెక్క వేసుకుందాం. ఇది ఉదాహరణ కోసం నేను వేసిన లెక్క. ఇలా అడ్డంగా తొలిచే బావులకు సాధారణంగా 1,280 ఎకరాల విభాగం కేటాయిస్తారు. అందులో మన రైతు పొలం 160 ఎకరాలు, అంటే ఎనిమిదో వంతు. రాయల్టీ పదహారింట మూడు వంతులు అనుకుందాం. బావి రోజుకు 500 బ్యారెళ్లు ఇస్తోంది, బ్యారెల్ 60 డాలర్లు. పన్నులు, ఖర్చులు పక్కనబెడితే ఈ 160 ఎకరాల కింది హక్కుకు రోజుకు 703 డాలర్లు వస్తాయి. అందులో సగం 1940లలో ఉంచుకున్న వాటా కింద రాష్ట్రానికి వెళుతుంది. మిగతా సగం ఊరు విడిచిన నలుగురు వారసులది, తలకు దాదాపు 88 డాలర్లు. పైన పైరు వేసిన రైతు ఏనాడో కొన్న ఈ పొలం దస్తావేజులో ఖనిజం లేదు కాబట్టి అతనికి సున్నా. కంకర కింద పోయిన నాలుగైదు ఎకరాలకు నష్టపరిహారం వస్తుంది, అంతే. పోనీ ఆ నాలుగైదు ఎకరాల పొలానికి పన్ను తగ్గిందా అంటే, తగ్గినా అది డబ్బు రూపంలో లెక్కించదగ్గది కాదు. ఇంటి మీద మినహాయింపు మాత్రం యథాతథంగా ఉంది. కిటికీలోంచి చూస్తే రాత్రింబవళ్లు తలాడించే పంపు కనిపించే ఇంటికి!

రాష్ట్రం చూస్తూ ఊరుకుందని అనను. 1979లోనే చమురు కంపెనీలు పైనేల యజమానికి నష్టపరిహారం చెల్లించాలని చట్టం చేసింది. పంట నష్టం, నేల విలువ తగ్గడం, రాకపోకలకు కలిగిన ఆటంకం అన్నీ అందులో ఉన్నాయి. తమ ఆస్తి హక్కుకు భంగమని ఒక కంపెనీ కోర్టులో వాదిస్తే 1984లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం చట్టాన్నే నిలబెట్టింది. 1983లో ఇంకో మంచి చట్టం వచ్చింది. ఇరవై ఏళ్లపాటు ఏ వాడుకా లేని ఖనిజ హక్కును పైనేల యజమాని పత్రికలో ప్రకటన ఇచ్చి, హక్కుదారుకు నోటీసు పంపి, తనదిగా చేసుకోవచ్చు. అయితే ఇరవై ఏళ్లకొక కాగితం కౌంటీ కార్యాలయంలో దాఖలు చేస్తే హక్కు పదిలంగా ఉంటుంది, లీజుకిచ్చినా వాడుకున్నట్టే లెక్క. చమురు పడ్డ ప్రాంతంలో లీజు లేని హక్కు ఎక్కడుంటుంది? కాబట్టి ఈ చట్టం చమురు లేనిచోట బాగా పనిచేస్తుంది, ఉన్నచోట తక్కువ. ఇక 2019లో చట్టసభ వెనక్కి ఒక అడుగు వేసింది. నేల లోపలి రాతి రంధ్రాల ఖాళీని చమురు కంపెనీలు పెద్దగా పరిహారం లేకుండానే వాడుకునేలా చట్టం చేస్తే, భూమి యజమానుల సంఘం పోరాడింది. 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టంలోని ముఖ్యభాగాన్ని కొట్టేసింది. పరిహారమివ్వకుండా ప్రైవేటు ఆస్తి తీసుకోవడమేనని కోర్టు తేల్చింది. అక్కడి రైతులు సాధించిన పెద్ద విజయం అది.

ఇవన్నీ నష్టం జరిగాక చెల్లించే పరిహారాలు. నేను అడుగుతున్నది అంతకంటే ముందరి సంగతి. పైనేల యజమాని ఏటా పన్ను కడతాడు. ఖనిజ హక్కుదారు చమురు బయటికి వచ్చేదాకా ఏమీ కట్టడు. వచ్చాక కట్టేది ఉత్పత్తి మీద పన్ను. 1953 నుంచి ఉన్న 5 శాతం పన్ను ఆస్తిపన్నుకు బదులుగా వేసినది. 1980లో ఓటర్లే ఆమోదించిన 6.5 శాతం పన్నును చట్టసభ 2016 నుంచి 5 శాతానికి తగ్గించింది. రెండూ కలిపి 10 శాతం. చమురు తీస్తున్న హక్కు ఈ పది శాతంతో తన వంతు బరువు మోస్తోంది, కాదనను. కానీ యాభై ఏళ్లుగా నిద్రపోతున్న హక్కు సంగతేమిటి? అది ఊరి బడికి పైసా ఇవ్వదు, ఊరి రోడ్డుకు కంకర రాయి ఇవ్వదు. అయినా పైన పొలం కొనబోయేవాడికి భయం పుట్టిస్తుంది, బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు సందేహం పుట్టిస్తుంది, రైతు తన చేలో ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో కూడా నిర్ణయిస్తుంది. ఒకరి హక్కు పొలానికి ఇంత భారమైనప్పుడు ఆ హక్కు స్థానిక ఖజానాకు కొంతైనా ఇవ్వాలని అడగడం అత్యాశేమీ కాదు.

ఇది నేను ఊహలోంచి చెబుతున్నది కాదు. పక్కనే ఉన్న మిన్నెసోటా రాష్ట్రం దీన్ని చేసి చూపించింది. అక్కడ 1973 చట్టం ప్రకారం నేల నుంచి విడిపోయిన ఖనిజ హక్కును కౌంటీ రికార్డుల్లో నమోదు చేయించుకోవాలి. దానిమీద ఏటా పన్ను కట్టాలి. ఇప్పుడది ఎకరానికి 40 సెంట్లు, ఎంత చిన్న చెక్కకైనా కనీసం 3 డాలర్ల 20 సెంట్లు. వచ్చే సొమ్ములో 80 శాతం స్థానిక సంస్థలకు పోతుంది, 20 శాతం ఆదివాసీల వ్యాపారాలకు అప్పులిచ్చే నిధికి. 1979లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు పన్నును సమర్థించింది. నోటీసు లేకుండా హక్కు జప్తు చేయడం మాత్రం చెల్లదని చెప్పింది. ఆ తీర్పులోనే మార్గం ఉంది: పన్ను సరే, హక్కు పోయే ముందు మనిషికి చెప్పాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అలాంటి పద్ధతికి నార్త్ డకోటా తన 1983 చట్టాన్ని జోడిస్తే సరిపోతుంది. అయితే మిన్నెసోటాలో కట్టని హక్కు ప్రభుత్వానికి పోతుంది. నా ఉద్దేశంలో అది పైనేల యజమానికే చేరాలి. చీలిన నేల మళ్లీ ఒకటి కావడమే ఇక్కడ ముఖ్యం, ఖజానాకు వచ్చే నాలుగు డబ్బులు కాదు.

అభ్యంతరాలు వస్తాయి. రాబడి లేని ఆస్తికి పన్నేమిటని ఖనిజ హక్కుదారు అడుగుతాడు. కరువు ఏడాదిలో రైతు పొలానికీ రాబడి లేదు, అయినా పన్ను ఆగలేదు కదా. దూరాన ఉన్న చిన్న వారసులు నష్టపోతారని ఇంకొకరు అంటారు. మన లెక్కలోని నలుగురు వారసుల్లో ఒకరు తాతకు మనవరాలు అనుకోండి. ఆమె వాటా 20 ఎకరాలు. మిన్నెసోటా రేటున ఏటా 8 డాలర్లు. ఆ 8 డాలర్లు కూడా దండగ అనుకునే మనిషి ఆ హక్కును వదిలేసినా ఆమెకు పోయేదేమీ లేదు, చేలో ఉన్నవాడికి మాత్రం ఎంతో ఉంటుంది. మూడో అభ్యంతరం బలమైనది: ఖనిజం కొనుక్కున్నవాడు న్యాయంగా డబ్బు పెట్టి కొన్నాడు, రైతేమో ఖనిజం లేదని తెలిసే తక్కువ ధరకు పొలం కొన్నాడు, ఇప్పుడు చట్టం మార్చి ఒకరిది తీసి ఇంకొకరికి ఇస్తారా అని. ఇందులో నిజముంది. అందుకే నేను ఉన్న హక్కును రద్దు చేయమనడం లేదు. పన్ను కట్టినవాడి హక్కు చెక్కుచెదరదు. పొలం కొన్న రైతు కూడా పన్ను మారదన్న హామీతో కొనలేదు కదా. పన్ను బాధ్యత ఆస్తితోపాటే వస్తుంది, అది భూమికి ఎలాగో ఖనిజానికీ అలాగే.

రాష్ట్రం చేతిలోని ఖనిజ హక్కుల సంగతి వేరు. దాని పేరున సుమారు 26 లక్షల ఎకరాల ఖనిజ హక్కు ఉంది, దాని రాబడిలో పెద్ద భాగం బడి పిల్లల ట్రస్టు నిధికి చేరుతుంది. 1930లలో అప్పులపాలైన కుటుంబాల పొలాల నుంచి వచ్చిన వాటాల్లో కొంత అలా అందరి పిల్లలకూ అందుతోంది. ఇది బాగుంది, దీన్ని కదిలించనక్కర్లేదు. చమురు పన్నులో 30 శాతం పక్కన పెట్టే లెగసీ ఫండ్‌ను 2010లో ఓటర్లు రాజ్యాంగంలోనే చేర్చారు. ఇప్పుడది వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. 2025లో దాని రాబడితోనే సొంత ఇంట్లో ఉండేవాళ్లకు ఏడాదికి 1,600 డాలర్ల వరకు ఆస్తిపన్ను తగ్గించారు. నేను ఇందాక చెప్పిన నర్సు ఫిర్యాదుకు ఇదొక జవాబు. ఉమ్మడి సంపద అందరికీ చేరే దారి ఉందని రాష్ట్రం నిరూపించుకుంది. ఇంకా చేరనిది ఒక్కడికే, ఆ చమురు తన చేను గుండా పైకి వస్తుండగా చూస్తూ నిలబడ్డవాడికి.

ఇదంతా మనకెందుకంటారేమో. మన దేశంలో వ్యవసాయ ఆదాయానికి 1886 నుంచీ కేంద్ర ఆదాయపు పన్ను లేదు, ఆ రాయితీ గురించి వాదోపవాదాలు ఏటా వింటూనే ఉంటాం. నేల కింద ఏముందో, అది ఎవరిదో మాత్రం అంతగా మాట్లాడుకోం. 2013లో మలబారు రైతుల కేసులో సుప్రీంకోర్టు ఒక కీలకమైన మాట చెప్పింది. సరైన చట్టం ద్వారా తీసివేస్తే తప్ప, లోపలి ఖనిజ హక్కు మామూలుగా భూమి యజమానినే అనుసరిస్తుందని. మలబారు బ్రిటిష్ వారి కాలంలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేదన్నది గుర్తుపెట్టుకోండి. జమీందారీ రద్దు చట్టం కింద ప్రభుత్వానికి వచ్చిన భూముల సంగతి వేరు, కాబట్టి ప్రతి పట్టాకూ ఒకే సమాధానం దొరకదు. తవ్వాలంటే ఎవరైనా సరే 1957 గనుల చట్టం ప్రకారం లీజు తీసుకోవాల్సిందే. 2024 జులైలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, 8 మంది ఒకవైపు ఒకరు మరోవైపు ఉండగా, రాయల్టీ పన్ను కాదని, ఖనిజం ఉన్న భూముల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. ఆ పన్ను ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న రేపు మన ఊళ్లకూ రావచ్చు.

అందుకే చీమకుర్తి గ్రానైటు పరిసరాల్లో, మంగంపేట బరైటీస్ చుట్టుపక్కల, పల్నాడు సున్నపురాయి గ్రామాల్లో పొలం ఉన్న శ్రోతలను ఒక్కటే కోరుతున్నాను. పొలం అమ్మినా, గనికి లీజు ఇచ్చినా, సంతకం పెట్టే ముందు కాగితాన్ని వకీలుతో మొదటి నుంచి చివరిదాకా చదివించుకోండి. నేల కింది హక్కు ఎవరికి పోతోందో, మీ దగ్గర ఏది మిగులుతోందో, ఆ తవ్విన గోతిని పూడ్చే బాధ్యత ఎవరి మీద ఉందో, ఏటా పన్ను ఎవరు కట్టాలో అందులో స్పష్టంగా రాయించండి. రాయని మాటను కోర్టులో నిరూపించడం కష్టం.